మొదటిది ఆపరేషన్, రెండోది నార్మల్ కావాలి: అమెరికాలో నొప్పులతో ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఏం చేయాలి?

"అక్కా, మొదటి కాన్పు హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఇక్కడ 34వ వారం. నార్మల్‌కి ప్రయత్నిస్తానంటే మా ఊరి ఆసుపత్రిలో చేయరట. నొప్పులు మొదలయ్యాక నేరుగా వెళ్తే వెనక్కి పంపించేస్తారా? ఒప్పుకోకపోయినా కోసేస్తారా?"

ఊళ్ళ పేర్లు, వారాలు మారతాయి గానీ నాకు వచ్చే మెసేజ్ మాత్రం ఇదే. ఇంతమంది ఎందుకు అడుగుతున్నారో తెలుసుకోవడం కష్టం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రతి 100 కాన్పుల్లో 60కి పైగా సిజేరియన్లే. ఆంధ్రలో 42. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులను మాత్రమే లెక్కేస్తే 81. వీటిలో ముహూర్తం కోసం చేయించుకున్నవి ఎన్నో ఆ దేవుడికే తెలియాలి. అక్కడ కుట్లు వేయించుకుని, రెండో బిడ్డకి ఇక్కడ నార్మల్ కావాలనుకునేవాళ్ళు మనలో చాలామంది. దీన్ని ఇక్కడ వీబ్యాక్ అంటారు. ఆ ప్రయత్నాన్ని టోలాక్ అంటారు. ఆసుపత్రికి ఫోన్ చేసినప్పుడు ఈ రెండు మాటలూ పనికొస్తాయి.

నేను డాక్టర్ని కాదు, లాయర్ని కాదు. గుంటూరులో ఆపరేషన్‌తో ఒకరిని, టెక్సస్‌లో నార్మల్‌గా ఒకరిని కన్నదాన్ని. ఆ తర్వాత తెలిసినవాళ్ళకి తోడుగా లేబర్ వార్డులో చాలా రాత్రులు కూర్చున్నాను. మీ ఒంటికి ఏది మంచిదో మీ డాక్టరే చెప్పాలి. ఆసుపత్రి మీకు ఏం చేసి తీరాలో, మీరు ఏం అడగవచ్చో మాత్రం ఇక్కడ రాస్తున్నాను. ఇదంతా అమెరికా సంగతి, ఇండియాకి వర్తించదు.

చట్టం గురించి కాస్త

1986లో ఇక్కడ ఎమ్‌టాలా అనే ఫెడరల్ చట్టం వచ్చింది. డబ్బు లేదనో, ఇన్సూరెన్స్ లేదనో జబ్బుపడ్డవాళ్ళని, నొప్పులు పడుతున్న ఆడవాళ్ళని ఆసుపత్రులు వాకిట్లోంచే వేరే చోటికి తోసేస్తుంటే తెచ్చిన చట్టమిది. మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) డబ్బు తీసుకుంటూ ఎమర్జెన్సీ విభాగం నడిపే ప్రతి ఆసుపత్రికీ, అంటే దాదాపు అన్నిటికీ వర్తిస్తుంది. అపాయింట్‌మెంట్ లేకుండా వచ్చిన గర్భిణులను చూసే లేబర్ వార్డునూ ఎమర్జెన్సీ కిందే లెక్కగడతారు. మీ వీసా ఏమిటన్నది దీనికి సంబంధం లేదు.

ఈ చట్టం ప్రకారం మీరు నొప్పులతో వస్తే ముందు పరీక్ష చేయాలి. సురక్షితంగా వేరే చోటికి మార్చే వ్యవధి లేకపోయినా, మార్చితే మీకో బిడ్డకో ముప్పున్నా, అక్కడే కాన్పు చేయాలి. బిడ్డా, మాయా రెండూ బయటికి వచ్చేదాకా ఆ బాధ్యత తీరదు. ఇన్సూరెన్స్ వివరాల కోసం పరీక్షను ఆలస్యం చేయకూడదు.

రెండోది, మీ అంగీకారం లేకుండా మీ ఒంటిమీద కత్తి పెట్టకూడదు. చికిత్స వద్దనే హక్కు పేషెంటుకి ఉందని మెడికేర్ నిబంధనల్లోనే ఉంది. ఏకాగ్ అని పిలిచే అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2019లో ఇచ్చిన సూచనలు ఇంకా సూటిగా చెప్తాయి: ఒక ఆసుపత్రి టోలాక్ చేయకపోయినా, ఆ పాలసీని చూపించి సిజేరియన్ చేయించుకోమని బలవంతపెట్టకూడదు. ఆపరేషన్ వద్దన్నందుకు నొప్పుల్లో ఉన్న మనిషికి వైద్యం నిరాకరించకూడదు.

అయితే చట్టం ఇవ్వలేనిది కూడా ఒకటుంది. అర్ధరాత్రి రెండింటికి ఆ చిన్న ఆసుపత్రిలో మత్తు డాక్టరు లేకపోతే, చట్టం ఆయన్ని పుట్టించలేదు. మిమ్మల్ని గెంటెయ్యకుండా, బలవంతంగా కొయ్యకుండా కాపాడగలదు, అంతే. అన్ని వసతులూ ఉన్న ఆసుపత్రిని మీరే, నొప్పులకి చాలా ముందే వెతుక్కోవాలి. అందుకే కింది అంచెల్లో మొదటి మూడూ ఇంట్లో కూర్చుని చేసుకునేవి.

దగ్గర ఉండాల్సినవి

- మొదటి ఆపరేషన్ నోట్సు కాపీ. డిశ్చార్జి సమ్మరీ వేరు, ఇది వేరు.
- ఇక్కడి ప్రినేటల్ రికార్డులు, ఫోన్లోనూ ఒకటి కాగితం మీదా ఒకటి.
- ఒకే పేజీలో మీ కాన్పు ప్లాన్. నాలుగు పేజీలు రాస్తే ఎవరూ చదవరు.
- మీ తరఫున మాట్లాడగల ఒక మనిషి. భర్త కావచ్చు, స్నేహితురాలు కావచ్చు. గొడవ చూస్తేనే కంగారుపడే మనిషి మాత్రం వద్దు.
- చిన్న నోటుబుక్కు, పెన్ను. ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో రాసుకోవడానికి.

1. పాత కోత ఎలాంటిదో కాగితం మీద తేల్చుకోండి

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. "నాది కింద అడ్డంగా ఉన్న కోతే అక్కా" అంటారు. అది చర్మం మీది కోత. గర్భసంచి మీది కోత ఎటు ఉందో పైనుంచి చూస్తే తెలియదు. కింది భాగంలో అడ్డంగా కోస్తే నొప్పుల్లో ఆ కుట్టు విడిపోయే ప్రమాదం తక్కువ. 1000 మందిలో 5 నుంచి 9 మందికి జరగవచ్చని అంచనా. గర్భసంచి పైభాగం దాకా నిలువుగా కోసి ఉంటే, 'టి' ఆకారంలో కోసి ఉంటే, లేదా ఇంతకుముందు ఎప్పుడైనా గర్భసంచి చిట్లి ఉంటే నొప్పులకి ప్రయత్నించవద్దనే డాక్టర్లు చెప్తారు. అలాంటి కోత మీదైతే ఈ వ్యాసం పక్కన పెట్టి మీ డాక్టరు మాట వినండి.

ఇండియా డిశ్చార్జి సమ్మరీలో సాధారణంగా 'ఎల్‌ఎస్‌సీఎస్' అని ఉంటుంది. అంటే గర్భసంచి కింది భాగంలో చేసిన సిజేరియన్. అది మంచి సూచనే, కానీ ఆపరేషన్ నోట్సు ఉంటే ఇక్కడి డాక్టరుకి ధైర్యం. అందులో చూడాల్సినవి: కోత దిశ, అది పక్కకో పైకో చీలిందా, ఎందుకు ఆపరేషన్ చేశారు, అప్పటికి ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుంది.

తెప్పించుకోవడం ఎలా? మీ సంతకంతో ఒక అధికార పత్రం, మీ గుర్తింపు కార్డు కాపీ అమ్మకో తమ్ముడికో పంపి, ఆసుపత్రి రికార్డుల విభాగంలో రాతపూర్వకంగా అడిగించండి. 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. అయితే అవే నిబంధనల్లో రికార్డులు దాచాల్సింది 3 ఏళ్ళే. మీ పెద్దబిడ్డకి నాలుగేళ్ళు దాటి ఉంటే ఆ ఫైలు దొరక్కపోవచ్చు. కాబట్టి ఈ పని గర్భం నిలిచిందని తెలిసిన వారమే మొదలుపెట్టండి.

దొరక్కపోతే? కోత రకం తెలియనంత మాత్రాన ప్రయత్నానికి తలుపులు మూసుకుపోవు. నిలువు కోత అయి ఉండవచ్చని గట్టి అనుమానం ఉంటే తప్ప ప్రయత్నించవచ్చని ఏకాగ్ సూచన. అనుమానం ఎప్పుడు వస్తుంది? బిడ్డ చాలా నెలలు తక్కువలో పుట్టినా, అడ్డం తిరిగి ఉన్నా. మీ పాత కాన్పు నెలలు నిండాక జరిగి, నొప్పులు ముందుకు సాగక ఆపరేషన్ చేసి ఉంటే, ఆ సంగతి డాక్టరుకి వివరంగా చెప్పండి.

ఇంకో లెక్క కూడా చూసుకోండి. పాత కాన్పుకీ ఈ కాన్పుకీ మధ్య 18 నెలల కంటే తక్కువ ఉంటే కుట్టు విడిపోయే ప్రమాదం పెరుగుతుంది. ఇది దాచిపెట్టే సంగతి కాదు.

2. డాక్టర్ని కాదు, ఆసుపత్రిని అడగండి

"మా డాక్టరు సరే అన్నారు" అని నిశ్చింతగా ఉంటారు. ఆ డాక్టరు ఆరుగురు ఉన్న గ్రూపులో ఒకరు. మీ నొప్పులు ఆమె డ్యూటీ చూసుకుని రావు. ఆమె ఒప్పుకున్నా ఆసుపత్రి ఒప్పుకోకపోవచ్చు, ఆసుపత్రి ఒప్పుకున్నా ఆ రాత్రి ఉన్న డాక్టరు మొండికేయవచ్చు.

20 వారాల లోపే లేబర్ వార్డుకి మీరే ఫోన్ చేసి అడగండి:

- మీ ఆసుపత్రిలో టోలాక్ చేస్తారా? రాతపూర్వక పాలసీ ఉందా?
- మత్తు డాక్టరు 24 గంటలూ ఆసుపత్రిలోనే ఉంటారా, ఇంటి నుంచి రావాలా?
- మా గ్రూపులో డాక్టర్లందరూ చేస్తారా?
- 40 వారాలు దాటినా నొప్పులు రాకపోతే ఏం చేస్తారు?

చివరి ప్రశ్నకి వచ్చే జవాబును బట్టి చాలా తెలిసిపోతుంది. "39కి ఆపరేషన్ డేటు ఇచ్చేస్తాం" అంటే అక్కడ వీబ్యాక్ పేరుకే ఉందని అర్థం. పోయినేడాది ఎంతమంది ప్రయత్నించారు, ఎంతమందికి నార్మల్ అయింది అని కూడా అడగండి. ప్రయత్నించినవాళ్ళలో మొత్తం మీద 100కి 60 నుంచి 80 మందికి నార్మల్ అవుతుంది. వాళ్ళు చెప్పే అంకె దీనికి బాగా దూరంగా ఉంటే ఎందుకో అడగండి.

మీ ఊళ్ళో ఒక్కటే ఆసుపత్రి ఉండి, అది వద్దంటే? అరిజోనాలోని పేజ్ అనే చిన్న ఊరిలో 2009లో ఒకావిడకి ఇదే జరిగింది. ఆమె ఎన్నో మైళ్ళ దూరంలోని ఫీనిక్స్‌కి వెళ్ళి నార్మల్‌గా కన్నది. అందరికీ కుదిరే పని కాదు, తెలుసు. కానీ గంట, గంటన్నర దూరంలో పెద్ద ఆసుపత్రి ఉంటే 30 వారాల లోపు అక్కడికి మారడం, చివరి రెండు వారాలు దగ్గర్లో ఒక స్నేహితుల ఇంట్లో ఉండడం చాలామంది చేశారు. ముందు ఇన్సూరెన్స్ నెట్‌వర్క్ చూసుకోండి.

3. "ఎప్పుడు ఒప్పుకుంటాను" అనేది ముందే రాసుకోండి

నార్మల్ కావాలన్న పంతంలో ఇది మర్చిపోతారు. బిడ్డ గుండె చప్పుడు పడిపోతే, ఉన్నట్టుండి విపరీతమైన నొప్పో రక్తస్రావమో వస్తే, నేను వెంటనే ఆపరేషన్‌కి ఒప్పుకుంటాను. ఇలా ఒక వాక్యం మీ కాన్పు ప్లాన్లో ఉండాలి. ఇది మీ బలహీనత అనుకోకండి. ఆ వాక్యం చదివిన డాక్టరుకి మీరు మొండిగా ఎదురు తిరిగే మనిషి కాదని తెలుస్తుంది, మీ మిగతా కోరికల్ని పట్టించుకుంటారు.

4. నొప్పులు మొదలయ్యాక: ఆలస్యం చేయకండి

ఒక చెడ్డ సలహా మన గ్రూపుల్లో తిరుగుతూ ఉంటుంది: "ఇంట్లోనే ఓర్చుకో, బిడ్డ తల కనబడేవేళకి వెళ్ళు, అప్పుడు వాళ్ళు ఏం చేయలేరు." పార్కింగ్ లాట్లో కారులో కూర్చుని నొప్పులు పడినవాళ్ళనీ చూశాను. దయచేసి వద్దు. కుట్టు విడిపోతున్నదనే తొలి సూచన ఎక్కువగా బిడ్డ గుండె చప్పుడులోనే కనిపిస్తుంది. దాన్ని పట్టుకునే మెషిన్ ఆసుపత్రిలో ఉంటుంది, కారులో ఉండదు.

నొప్పులు క్రమంగా వస్తుంటే, ఉమ్మనీరు పోతే, రక్తం కనిపిస్తే బయలుదేరండి. దారిలో ఫోన్ చేసి "ప్రయర్ సిజేరియన్, ఇన్ లేబర్, ప్లానింగ్ టోలాక్" అని చెప్పండి.

5. ట్రయాజ్‌లో (వచ్చినవాళ్ళని ముందుగా చూసే చోట)

పరీక్ష చేయకుండా "మీ డాక్టరు వేరే ఆసుపత్రిలో కదా, అక్కడికే వెళ్ళండి" అంటే అది తప్పు. కంగారు పడకుండా, "ఐ యామ్ హ్యావింగ్ కాంట్రాక్షన్స్, ఐ యామ్ రిక్వెస్టింగ్ ఎ మెడికల్ స్క్రీనింగ్ ఎగ్జామ్" అనండి. ఈ మాటలు వింటే వాళ్ళకి చట్టం గుర్తొస్తుంది.

అయితే ఇంటికి పంపడం అన్నిసార్లూ తప్పు కాదు. కొంతసేపు చూసి ఇవి నిజం నొప్పులు కావని డాక్టరో, సర్టిఫైడ్ నర్స్ మిడ్‌వైఫో, అందుకు అర్హత ఉన్న మరొకరో ధ్రువీకరిస్తే పంపవచ్చు. అలా పంపినప్పుడు ఎవరు ధ్రువీకరించారో పేరు అడిగి రాసుకోండి.

ఇంగ్లీషు నొప్పుల్లో జారిపోతుంది. బయట ఆఫీసులో గడగడా మాట్లాడేవాళ్ళకి కూడా. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, ఫోన్ మీదో వీడియో మీదో ఇస్తారు, డబ్బు అడగకూడదు. మీ మనిషినే అనువదించమని బలవంతపెట్టకూడదు. అత్తగారు అనువదిస్తే డాక్టరు మాటకి ఆవిడ భయం కూడా కలిసి వస్తుంది.

ఇక్కడ నా సొంత తప్పు చెప్పాలి. నా రెండో కాన్పులో రెసిడెంట్ డాక్టరు ఏదో వివరిస్తుంటే నేను మన అలవాటు ప్రకారం "ఊఁ, ఊఁ, ఓకే" అంటూ తలాడించాను. వింటున్నానని నా భావం. ఆవిడకి మాత్రం నేను ఒప్పుకున్నట్టు వినిపించింది. పది నిమిషాల్లో ఒక నర్సు ఆపరేషన్‌కి ముందు తాగించే మందు కప్పు పట్టుకుని వచ్చింది. "ఇది దేనికి?" అని అడిగాను కాబట్టి ఆగింది. తల ఊపకండి. అర్థమైతే "ఐ అండర్‌స్టాండ్" అనండి, ఒప్పుకుంటేనే "ఐ అగ్రీ" అనండి. రెండూ వేరు.

6. "ఇక్కడ వీబ్యాక్ చేయం" అంటే

మీ ముందు మూడు దారులుంటాయి. ఏదైనా ఎంచుకోవచ్చు.

*మొదటిది, అక్కడే ఉండి ఆపరేషన్ వద్దనడం.* అనాల్సిన మాట: "ఐ డూ నాట్ కన్సెంట్ టు ఎ సిజేరియన్ ఎట్ దిస్ టైమ్. ఐ వాంట్ ఆల్ అదర్ కేర్." రెండో వాక్యం తప్పనిసరి. ఎందుకంటే, వైద్యం ఇవ్వబోతే పేషెంటే వద్దంది అని రాసుకుంటే ఆసుపత్రి బాధ్యత తీరినట్టేనని ఎమ్‌టాలాలోనే ఉంది. మీరు వద్దన్నది ఒక్క ఆపరేషన్నే. మానిటర్ కావాలి, సెలైన్ కావాలి, కాన్పు చేసే డాక్టరు కావాలి. ఈ తేడా వాళ్ళ చేత చార్టులో రాయించండి. అలాగే డాక్టర్ని సూటిగా ఒక ప్రశ్న వేయండి: "ఈ రాత్రి అత్యవసరంగా ఆపరేషన్ కావాల్సివస్తే ఎన్ని నిమిషాల్లో మొదలుపెట్టగలరు?" మత్తు డాక్టరు నలభై నిమిషాల దూరంలో ఉన్నారంటే మీరు తీసుకునే రిస్కు ఏమిటో మీకు తెలియాలి. ఆ జవాబు విని మనసు మార్చుకున్నా తప్పేమీ లేదు.

*రెండోది, వేరే ఆసుపత్రికి మార్చమనడం.* వసతులున్న ఆసుపత్రి దగ్గర్లో ఉండి, నొప్పులు ఇంకా తొలిదశలో ఉంటే నాకు నచ్చే దారి ఇదే. కానీ "మీ కారులో వెళ్ళిపోండి" అనడం ట్రాన్స్‌ఫర్ కాదు. సరైన ట్రాన్స్‌ఫర్‌లో ఇవన్నీ ఉండాలి: మీరు రాతపూర్వకంగా అడగడం, లేదా మార్చడం వల్ల మేలే ఎక్కువని డాక్టరు సంతకం చేయడం, అవతలి ఆసుపత్రి ఖాళీ ఉందని ఒప్పుకోవడం, మీ రికార్డులు వెంట పంపడం, అర్హులైన సిబ్బందితో తగిన వాహనంలో పంపడం. అవతలి ఆసుపత్రిలో ఎవరు ఒప్పుకున్నారో పేరు అడగండి. పేరు చెప్పలేకపోతే ఇంకా ఏర్పాటు కాలేదన్నమాట. మార్చవద్దనే హక్కు కూడా మీకుంది.

*మూడోది, సరే ఆపరేషనే కానివ్వండి అనడం.* దీన్ని ఓటమిగా చూసేవాళ్ళ మాట వినకండి. కారణం అడగండి: ఇప్పుడు వైద్యపరంగా అవసరమా, లేక పాలసీ కాబట్టి చేస్తున్నారా? రెండోదైతే ఇంకాసేపు ఆగవచ్చా అని అడగండి. ఒప్పుకున్నాక, తోడుగా మీ మనిషి ఆపరేషన్ గదిలోకి రావచ్చా, బిడ్డని వెంటనే మీ గుండెల మీద పెడతారా అనేవి అడిగి తేల్చుకోండి.

7. కాగితాలు: చదవకుండా సంతకం పెట్టకండి

అడ్మిషన్ వేళ ట్యాబ్లెట్ మీద గబగబా సంతకాలు పెట్టిస్తారు. వాటిల్లో జనరల్ కన్సెంట్ మామూలే. కొన్నిచోట్ల దాంతోపాటే సిజేరియన్ కన్సెంట్ కూడా కలిపి ఉంటుంది. "అవసరమైతే అని ముందుజాగ్రత్తగా" అంటారు. కాగితం మీద అయితే "ఎమర్జెన్సీలో మాత్రమే, నాతో మాట్లాడాక" అని చేత్తో రాసి సంతకం పెట్టవచ్చు. ట్యాబ్లెట్ అయితే కాగితం ఇమ్మనండి.

ఏఎంఏ అనే ఫారం వేరు. వైద్యుల సలహాకి విరుద్ధంగా నేనే వెళ్ళిపోతున్నాను అని దాని అర్థం. మీరు వెళ్ళిపోవడం లేదు కదా, దాని మీద సంతకం పెట్టకండి. ఆపరేషన్ నిరాకరణకి ఇచ్చే ఫారం చదివి పెట్టవచ్చు. అందులో ఇతర వైద్యం వద్దన్నట్టు ఉంటే ఆ లైను కొట్టేయండి.

మన ఆసుపత్రుల్లో భర్త సంతకం లేనిదే కదలదు. ఇక్కడ మీరు స్పృహలో ఉన్నంతవరకు మీ సంతకమే లెక్క. భర్తని పక్కకి పిలిచి ఒప్పించే ప్రయత్నం చేస్తే, ఆయన "ఆమెనే అడగండి" అనాలి. ఈ ఒక్క వాక్యం ఆయన చేత ఇంట్లో రిహార్సల్ చేయించండి.

8. నొప్పుల మధ్యలో

బిడ్డ గుండె చప్పుడు ఆపకుండా మానిటర్ చేయడానికి ఒప్పుకోండి. సెలైన్ సూదికి ఒప్పుకోండి. ఈ రెండిటి మీద పేచీ పెట్టుకుంటే అసలు పేచీకి బలం ఉండదు. ఎపిడ్యూరల్ తీసుకోవచ్చు, వీబ్యాక్ అంటే మత్తు ఇవ్వరనేది అపోహ. నొప్పులు పెంచడానికి ఆక్సిటోసిన్ జాగ్రత్తగా వాడతారు. మిసోప్రోస్టాల్, అంటే సైటోటెక్ మాత్ర మాత్రం నెలలు నిండినప్పుడు పాత సిజేరియన్ ఉన్నవాళ్ళకి వాడకూడదు. ఏ మందు ఇస్తున్నా పేరు అడిగి నోటుబుక్కులో రాయమని మీ మనిషికి చెప్పండి.

9. ఒత్తిడి పెరిగితే

అరవకండి. మెట్టు మెట్టుగా పైకి వెళ్ళండి: మీ నర్సు, ఆ తర్వాత చార్జ్ నర్సు, నర్సింగ్ సూపర్‌వైజర్, పేషెంట్ అడ్వకేట్. అర్ధరాత్రి అయినా ఎథిక్స్ కమిటీ వాళ్ళని ఫోన్లో పిలిపించమని అడగవచ్చు. ఇంకో డాక్టర్ని పంపమని కూడా అడగవచ్చు.

"పిల్లల సంరక్షణ శాఖకి చెప్తాం", "కోర్టు ఆర్డరు తెస్తాం" అని బెదిరించిన సందర్భాలు ఉన్నాయి. నిజాయితీగా చెప్పాలంటే, కోర్టులు అన్నిసార్లూ ఒకే వైపు లేవు. వాషింగ్టన్ డీసీ అప్పీలు కోర్టు 1990లో గర్భిణి నిర్ణయానికే దాదాపు ఎప్పుడూ విలువివ్వాలని తీర్పిచ్చింది. 1999లో ఫ్లోరిడాలో ఒక ఫెడరల్ కోర్టు మాత్రం, నిలువు కోత ఉండి ఇంట్లో ప్రయత్నించిన ఒకామెకి బలవంతంగా చేసిన ఆపరేషన్‌ని సమర్థించింది. 2011లో న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలండ్‌లో మూడోసారి తల్లి అవుతున్న ఒకావిడ వద్దంటున్నా ఆపరేషన్ చేశారు, అది కోర్టుకెక్కింది. అరుదే అయినా ఇలాంటివి జరుగుతాయి. డాక్టర్లు బలప్రయోగానికీ బెదిరింపులకీ దిగకూడదని ఏకాగ్ 2016లో స్పష్టంగా రాసింది. బెదిరిస్తే ఇంతే అనండి: "ప్లీజ్ డాక్యుమెంట్ వాట్ యు జస్ట్ సెడ్ ఇన్ మై చార్ట్." చాలాసార్లు ఆ మాటతో గది చల్లబడుతుంది.

సరిగ్గా జరుగుతోందో లేదో చూసుకోవడం ఎలా

వెళ్ళిన గంటలో ఈ ప్రశ్నలకి అవునని చెప్పగలిగితే చాలావరకు దారిలో ఉన్నట్టే. ఎవరైనా ఒంటిమీద చేయివేసి పరీక్ష చేశారా? మానిటర్ పెట్టారా? మీ చార్టులో 'టోలాక్' అనో, 'సిజేరియన్ నిరాకరించారు, ఇతర వైద్యం కోరుతున్నారు' అనో రాశారా? నర్సు చేత పైకి చదివించండి. ఈ రాత్రి డ్యూటీ డాక్టరు పేరు తెలుసా? మత్తు డాక్టరు ఎక్కడున్నారో తెలుసా? షిఫ్టు మారినప్పుడు, సాధారణంగా ఉదయం ఏడింటికీ రాత్రి ఏడింటికీ, ఇదంతా మళ్ళీ మొదటి నుంచి అడగండి. రాత్రి నర్సుకి చెప్పింది పగటి నర్సుకి చేరిందనుకోవడం నేను చూసిన తప్పుల్లో రెండోది. మొదటిది తల ఊపడం.

10. ఇంటికి వచ్చాక

నార్మల్ అయినా ఆపరేషన్ అయినా మీ రికార్డులన్నీ అడగండి. ఆపరేషన్ అయితే ఆపరేటివ్ రిపోర్టు విడిగా అడగండి. అడిగిన 30 రోజుల్లో ఇవ్వాలి. మూడో బిడ్డ సంగతి ఇప్పుడు ఎవరికీ తెలియదు, మొదటిసారి కాగితం లేక ఎంత తిరిగారో మీకే తెలుసు.

పరీక్ష చేయకుండా పంపేసినా, నొప్పుల్లో గెంటేసినా మీ రాష్ట్ర ఆరోగ్య శాఖకి, లేదా మెడికేర్‌ని నడిపే సీఎంఎస్‌కి ఫిర్యాదు చేయవచ్చు. లాయరు అక్కర్లేదు, ఖర్చు లేదు. తేదీ, సమయం, పేర్లు, అన్న మాటలు ఉంటే చాలు, నోటుబుక్కు ఇందుకే. తప్పు తేలితే పెద్ద ఆసుపత్రులకి ఒక్కో ఉల్లంఘనకి జరిమానా ఒకప్పుడు 50,000 డాలర్ల దాకా ఉండేది, ధరలతో పాటు పెరిగి ఇప్పుడది లక్ష దాటింది, చిన్న ఆసుపత్రులకి ఇంతకంటే తక్కువ. ఆ డబ్బు మీకు రాదు. నష్టపరిహారం కావాలంటే ఎమ్‌టాలా కింద దావా 2 ఏళ్ళలోపు వేయాలి, దానికి లాయరు కావాలి. ఇంకో సంగతి: మిమ్మల్ని ఆసుపత్రిలో చేర్చుకున్నాక జరిగినవాటికి చాలావరకు ఎమ్‌టాలా వర్తించదు, అక్కడి నుంచి పేషెంటు హక్కుల నిబంధనలు వస్తాయి. ఫిర్యాదులో ఏది ఎప్పుడు జరిగిందో, అడ్మిషన్‌కి ముందా తర్వాతా అని విడివిడిగా రాయండి. కలిపి రాసిన ఫిర్యాదు తిరిగొచ్చి, మళ్ళీ మొదటినుంచి రాసుకున్న ఒక చెల్లెలు నాకు తెలుసు, అప్పటికి బిడ్డకి బోర్లాపడే వయసొచ్చింది.